చివరి క్రియ కనిపించని శీర్షిక: ఒక తెలుగు వార్తా వెబ్‌సైటు మదింపు

ఒక తెలుగు వార్తా సంస్థ తన వెబ్‌సైటును పూర్తిగా కొత్త రూపంలోకి మార్చిన కొన్ని నెలల తర్వాత మా బృందాన్ని పిలిచింది. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. వారి ప్రశ్న సూటిగానే ఉంది: "సైటు చూడటానికి బాగుందని అందరూ అంటున్నారు. అయినా పాఠకులు ఒక వార్త చూసి వెళ్లిపోతున్నారు, రెండోది తెరవడం లేదు. లోపం ఎక్కడుంది?"

మొదటిసారి చూసినప్పుడు మాకూ ఆ సైటు బాగుందనే అనిపించింది. పైన పెద్ద ఫొటో, దాని కింద ప్రధాన వార్త, ఆ తర్వాత సమాన పరిమాణంలో కార్డులు, కార్డుల మధ్య ధారాళంగా తెల్లని ఖాళీ, లేత బూడిద రంగులో తేదీలు, పేర్లు. పాత సైటులో ఉండే ఎర్రని, పచ్చని పెట్టెల గజిబిజి ఎక్కడా లేదు. ఇలాంటి సైటును మదింపు చేయడం అందవిహీనమైన దాన్ని మదింపు చేయడం కంటే కష్టం. అందం చాలా లోపాలను కప్పిపుచ్చుతుంది, మదింపు చేసేవారి కళ్ల నుంచి కూడా.

ఈ సంగతిని పరిశోధకులు చాలాకాలం క్రితమే గుర్తించారు. 1995లో జపాన్‌లో మసాకీ కురోసు, కావోరి కషిమురా ఏటీఎం తెరకు 26 రకాల అమరికలు తయారుచేసి జనానికి చూపించినప్పుడు, ఏది వాడటానికి సులువుగా ఉంటుందని వారు అనుకున్నారో అది ఆ అమరికలోని అసలు సౌలభ్యం కంటే దాని అందంతోనే ఎక్కువగా ముడిపడి కనిపించింది. 2000లో నోమ్ ట్రాక్టిన్‌స్కీ బృందం మరో అడుగు వేసి, యంత్రాన్ని నిజంగా వాడిన తర్వాత కూడా జనం అభిప్రాయం మీద అందం ప్రభావం తగ్గలేదని చూపింది. ఒక వెబ్ పేజీ నచ్చిందో లేదో మనిషి 50 మిల్లీసెకన్లలోనే తేల్చుకుంటాడని 2006లో గిట్టె లిండ్‌గార్డ్ బృందం ప్రకటించింది. ఈ మూడింటినీ కలిపి చూస్తే, "సైటు ఎలా ఉంది?" అని పాఠకుడిని అడిగి తెచ్చుకున్న మార్కులను వాడుక సౌలభ్యానికి కొలబద్దగా తీసుకోకూడదని తేలుతుంది. అందుకే మా పద్ధతిలో వరుసను ముందే ఖాయం చేసుకున్నాం. మొదట పేజీని ఒక్క క్షణం చూపించి తీసేసి, కలిగిన అభిప్రాయాన్ని రాసుకోవడం, తర్వాత పనులు చేయించడం, ప్రశ్నపత్రం అన్నింటికంటే చివర ఇవ్వడం.

పనులు నిర్ణయించడం దగ్గర చాలాసేపు ఆగిపోయాం. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) 9241-11 ప్రమాణం వాడుక సౌలభ్యాన్ని ఫలితం, శ్రమ, సంతృప్తి అనే మూడు కోణాల్లో చూస్తుంది, అదీ నిర్దిష్టమైన వాడుకరులకు, నిర్దిష్టమైన లక్ష్యాలకు, నిర్దిష్టమైన సందర్భంలో. కొనుగోలు సైటులోనో, టికెట్ల సైటులోనో లక్ష్యం స్పష్టంగా ఉంటుంది: వస్తువు కొన్నామా, టికెట్ దొరికిందా. వార్తల పాఠకుడు మాత్రం చాలాసార్లు ఏ లక్ష్యమూ లేకుండానే వస్తాడు. "ఏం జరిగిందో చూద్దాం" అన్నదే అతని పని. అలాంటివాడికి "ఫలానా వార్త వెతకండి" అని పని అప్పగిస్తే మనం కొలిచేది అతని అసలు అలవాటును కాదు. చివరికి, వార్తా పేజీ రూపం పాఠకుడికి మాటల్లేకుండా చెప్పవలసిన సంగతులు మూడని నిర్ణయించుకున్నాం: ఏది ముఖ్యం, ఏది ఎప్పటిది, ఏది వార్త ఏది కాదు. పనులన్నీ వాటి చుట్టూనే అల్లాం. హోమ్ పేజీని ఒక నిమిషం చూసి ఈ రోజు ఏం జరిగిందో ఎదుటి మనిషికి చెప్పమన్నాం. ఒక వార్త తెరిచి అది చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పమన్నాం. తెర మీద ఉన్నవాటిలో వార్త, అభిప్రాయం, ప్రకటన వేరుచేయమన్నాం. నిన్న చదివిన వార్తను మళ్లీ పట్టుకోమన్నాం.

ముందుగా మేం ముగ్గురం, ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా, వాడుక సౌలభ్య నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన పది సూత్రాలను దగ్గర పెట్టుకుని సైటును పరిశీలించాం. ప్రతి లోపానికీ 0 నుంచి 4 వరకు తీవ్రత వేశాం. 0 అంటే అసలు లోపమే కాదు, 4 అంటే సరిచేయకుండా విడుదల చేయకూడనిది. తర్వాత పాఠకుల్లో రెండు వర్గాలను, ఫోన్‌లో మాత్రమే చదివేవారిని, కంప్యూటర్‌లో చదివేవారిని, అయిదుగురి చొప్పున కూర్చోబెట్టాం. అయిదుగురు చాలన్న మాట మా రంగంలో దాదాపు సామెత అయిపోయింది. ఒక్కో మనిషికి ఒక్కో లోపం సగటున 31 శాతం సార్లు ఎదురవుతుందని నీల్సన్, లాండవర్ 1993లో వేసిన అంచనా మీద అది నిలబడింది. ఆ లెక్కన అయిదుగురికి దాదాపు 85 శాతం లోపాలు బయటపడాలి. ఆ 31 అనేది సగటు మాత్రమేనని, వాడుకరులు ఒకే తీరువారైతేనే అది పనికొస్తుందని చాలామంది మరచిపోతారు. అందుకే వర్గానికి అయిదుగురు.

శీర్షిక దగ్గర జరిగింది

ఫోన్ వర్గంలో మూడో పాఠకురాలు హోమ్ పేజీని ఒక నిమిషం చూసి, "వంతెన కాంట్రాక్టు రద్దు చేస్తున్నారట" అని చెప్పారు. ఎక్కడ చూశారని అడిగితే వేలు పెట్టి చూపించారు. ఆ కార్డు మీద ఇలా ఉంది:

వంతెన నిర్మాణ ఒప్పందాన్ని రద్దు చేసే ఆలోచన ప్…

వార్త తెరిస్తే పూర్తి శీర్షిక ఇది: "వంతెన నిర్మాణ ఒప్పందాన్ని రద్దు చేసే ఆలోచన ప్రస్తుతానికి లేదని స్పష్టం చేసిన ప్రభుత్వం". అంటే ఆమె అర్థం చేసుకున్నది జరిగినదానికి సరిగ్గా వ్యతిరేకం. ఆమె దాన్ని తెరవలేదు కూడా. "అర్థమైపోయింది కదా, ఇంక తెరవడమెందుకు?" అన్నారు. యాజమాన్యం మమ్మల్ని అడిగిన ప్రశ్నకు కొంత జవాబు ఆ ఒక్క మాటలో ఉంది.

కార్డులన్నీ ఒకే ఎత్తులో కనిపించాలని డిజైనరు కోరుకోవడంతో సాఫ్ట్‌వేర్ శీర్షికను 45 గుర్తుల దగ్గర కత్తిరిస్తోంది. ఆ 45 అన్న సంఖ్య ఇంగ్లీషు టెంప్లేటు నుంచి వచ్చింది. ఇంగ్లీషులో కనిపించే అక్షరం, కంప్యూటర్ లెక్కపెట్టే గుర్తు దాదాపు ఒకటే. తెలుగులో అలా కాదు. "రాష్ట్రం" అన్న మాటలో కంటికి కనిపించేవి రెండు అక్షరాలు, కంప్యూటర్ దృష్టిలో మాత్రం ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్నా కలిసి ఎనిమిది గుర్తులు. పై శీర్షికలో "ఆలోచన" వరకు కంటికి 18 అక్షరాలే. ఖాళీలు వదిలేసినా యంత్రం లెక్కలో అవి 37 గుర్తులు. ఇంగ్లీషు శీర్షికకు సరిపోయే స్థలమని ఇచ్చింది తెలుగుకు వచ్చేసరికి సగం అయిపోతోంది. దానికి తోడు కత్తెర అక్షరం మధ్యలో పడి "ప్" అనే అర్ధాక్షరం వేలాడుతోంది.

అయితే అర్ధాక్షరం వికారంగా కనిపించడం చిన్న సంగతి. పెద్దది మన వాక్య నిర్మాణం. ఇంగ్లీషు శీర్షికలో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి తోక తెగినా అసలు సంగతి మిగులుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది, వ్యతిరేకార్థం దానికంటే చివర. "ఇచ్చే ప్రసక్తి లేదు", "జరిగినట్టు ఆధారాలు దొరకలేదు", "పెంచబోమని హామీ". వీటి తోకలు కత్తిరించి చూడండి. మిగిలేది అసంపూర్ణమైన వాక్యం కాదు, సంపూర్ణంగా కనిపించే తప్పు వాక్యం. ఆ రోజు హోమ్ పేజీ మీద ఉన్న శీర్షికలన్నింటినీ కూర్చుని తిరగేస్తే, కత్తిరింపు వల్ల అర్థం తిరగబడేవి మరో రెండు దొరికాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. నిపుణుల పరిశీలనలో ఈ కత్తిరింపును నేనూ గుర్తించాను, దానికి తీవ్రత 1 వేశాను. "చూపుకు బాగాలేదు, తీరిక ఉంటే సరిచేయవచ్చు" అని పక్కన రాసుకున్నాను. మిగతా ఇద్దరిలో ఒకరు 2 వేశారు, ఒకరు అసలు రాయలేదు. మేం ముగ్గురం ఆ ఉదయం వార్తలు చదివే వచ్చాం. వంతెన సంగతి మాకు ముందే తెలుసు కాబట్టి తెగిన తోకను మా బుర్రలు వాటంతటవే పూరించుకున్నాయి. వార్తా సైటును మదింపు చేసే నిపుణుడికి ఉన్న ప్రత్యేకమైన ఇబ్బంది ఇది: అతను వార్త తెలియనివాడిగా నటించలేడు. పాఠకురాలి వేలు ఆ కార్డు మీద ఆగిన తర్వాత ఆ లోపానికి ముగ్గురం 4 వేశాం.

వత్తులు, ఖాళీలు

అదే కార్డులో ఇంకొక లోపం ఉంది. శీర్షిక పంక్తుల మధ్య ఎత్తు, అంటే లైన్ హైట్, ఫాంటు పరిమాణానికి 1.2 రెట్లు. పంక్తి కింద వేలాడే భాగాలు తక్కువగా ఉండే లిపికి అది చక్కగా సరిపోతుంది. తెలుగులో పైన గుడులు, ఎత్వాలు, కింద వత్తులు, వత్తు కింద వత్తు. పెట్టె దాటినదాన్ని దాచేయమని కోడ్‌లో రాసి ఉండటంతో చివరి పంక్తిలోని "స్త్రీ", "క్షేత్రం", "రాష్ట్రం" లాంటి మాటల అడుగుభాగం తెగిపోతోంది. కంప్యూటర్ వర్గంలో ఒకాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో, పాఠకుడు తన సౌకర్యం కోసం పంక్తి ఎత్తును 1.5 రెట్లకు పెంచుకున్నా పేజీలో ఏదీ తెగిపోకూడదన్న నియమం ఉంది. ఈ సైటులో ఏమీ పెంచకుండానే తెగిపోతోంది. శీర్షికలకు 1.5, వార్త పాఠానికి 1.7 వేసి చూస్తే అక్షరాలకు ఊపిరి ఆడింది. ఈ సంఖ్యలు ఫాంటును బట్టి మారతాయి. ఒకే పరిమాణంలో రెండు తెలుగు ఫాంట్లను పక్కపక్కన పెడితే ఒకటి పెద్దగా, ఒకటి నలిగినట్టుగా కనిపించడం మామూలే కాబట్టి, తెర మీద చూసి నిర్ణయించుకోవలసిందే తప్ప పట్టికలో చూసి కాదు.

శీర్షికల్లో అక్షరాల మధ్య ఖాళీని కాస్త తగ్గించే సెట్టింగు కూడా ఆ టెంప్లేటుతోపాటే వచ్చింది. దాన్ని తీసేయమన్నాం, ఆ రోజే తీసేశారు.

"2 గంటల క్రితం"

వార్త చివరిసారి ఎప్పుడు మారిందో చెప్పమన్న పనిలో పదిమందిలో ఏడుగురు తప్పు చెప్పారు లేదా చెప్పలేమన్నారు. తేదీ లేక కాదు. శీర్షిక కింద చిన్న అక్షరాల్లో, లేత బూడిద రంగులో ఉంది. తెలుపు మీద ఆ బూడిద రంగుకు, అంటే కోడ్‌లో ఆరు తొమ్మిదులుగా రాసే రంగుకు, వ్యత్యాస నిష్పత్తి (కాంట్రాస్ట్) 2.85:1 మాత్రమే. మామూలు పాఠానికి కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ చెబుతుంది. రంగును కాస్త ముదురు చేసి 767676 వరకు తెస్తే ఆ గీత దాటుతుంది, డిజైనరు కోరుకున్న మెత్తదనమూ పెద్దగా పోదు. డిజైనరు ఒప్పుకోవడానికి రెండు సమావేశాలు పట్టాయి. చివరికి ఆయన్ను ఒప్పించినవి మా సంఖ్యలు కావు, ఫోన్ పట్టుకుని ఎండలోకి వెళ్లి నిలబడటం.

రంగు మార్చితే మాత్రం సగం సమస్యే తీరుతుంది. తేదీ స్థానంలో ఉన్నది "2 గంటల క్రితం" అన్న మాట. ఈ మాట పేజీ తయారైనప్పుడు సర్వర్‌లో రాయబడుతోంది, ఆ పేజీ కాపీ మధ్యలోని సర్వర్లలో నిలవ ఉండిపోతోంది. అందువల్ల మధ్యాహ్నం రాసిన "2 గంటల క్రితం" సాయంత్రం చూసినవారికీ "2 గంటల క్రితం"గానే కనిపిస్తోంది. ఒక పాఠకుడు వార్తలోని ఒక వాక్యాన్ని పట్టుకుని "ఇది పొద్దుటి మాట, ఇప్పుడు మారిపోయింది కదా" అని తనే తేల్చుకున్నారు. తేదీని నమ్మలేదు. దీనికి మేం చేసిన సిఫారసు సాదాగా ఉంది: తేదీ, గడియారం సమయం అంకెల్లో వేయాలి, మొదట ప్రచురించినది, చివరగా మార్చినది రెండూ ఉండాలి, మార్పు అక్షరదోషానికి మించినదైతే ఏం మారిందో ఒక పంక్తి రాయాలి. వార్తలు దిద్దే డెస్కు నుంచి వచ్చిన అభ్యంతరం నాకు కొత్తగా అనిపించింది. పాత సమయం కనిపిస్తే పాఠకుడు వార్తను పాతదనుకుంటాడని వారి భయం. నిజమే, పాతదే కదా.

ప్రకటన వార్తలా, వార్త ప్రకటనలా

బ్యానర్‌లా కనిపించే దేన్నయినా కళ్లు వాటంతటవే దాటేస్తాయని బెన్వే, లేన్ 1998లో గమనించి, దానికి బ్యానర్ అంధత్వం అని పేరు పెట్టారు. తమకు కావలసిన లింకే అందులో ఉన్నా జనం చూడలేదన్నది ఆ ప్రయోగంలో అసలు విశేషం. ఈ సైటులో అది కళ్లారా చూశాం. ఎప్పటికప్పుడు తాజా సమాచారం ఇచ్చే పేజీకి దారి తీసే పట్టీని రంగుల నేపథ్యంతో, మెరిసే అక్షరాలతో, ప్రకటనలు వచ్చే స్థానంలోనే పెట్టారు. ఫోన్ వర్గంలో ఒక్కరూ దాన్ని ముట్టుకోలేదు. ఇంకోవైపు, డబ్బు తీసుకుని వేసే కార్డులు వార్తల కార్డుల కొలతల్లోనే, అదే ఫాంటులో, అదే అంచులతో ఉన్నాయి. మూలన అతి చిన్న అక్షరాల్లో ఒక ముద్ర తప్ప తేడా లేదు. వాటిని వార్తలనుకుని నలుగురు తెరిచారు. వెనక్కి వచ్చిన తర్వాత ఒకరు అన్న మాట: "మోసపోయినట్టుంది." సంస్థకు ఆ ఒక్క క్లిక్కు వల్ల వచ్చే ఆదాయం కంటే ఈ భావన ఖరీదు ఎక్కువని నా అభిప్రాయం, అయితే దాన్ని లెక్కల్లో నిరూపించే పని మేం చేయలేదు.

ఫోన్‌లో వార్త పేజీ ఎత్తులో ప్రకటనలు 30 శాతం దాటితే అది పాఠకులు సహించని స్థాయి అని ప్రకటనల రంగ సంస్థల కూటమి అయిన కోయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్ ప్రమాణం చెబుతుంది. మేం తీసుకున్న మామూలు వార్త పేజీల్లో చిన్న వార్తలన్నీ ఆ గీత దాటాయి. వార్త పొట్టిదైనా ప్రకటనల సంఖ్య తగ్గకపోవడమే దానికి కారణం.

వేగం గురించి ఎక్కువ రాయను. గూగుల్ కొలిచే మూడు అంకెలు, అంటే ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించడం, తాకినప్పుడు 200 మిల్లీసెకన్లలోపు స్పందించడం, పేజీ కదలిక సూచీ 0.1 దాటకపోవడం, వీటిలో మొదటి రెండూ ఈ సైటులో ఫరవాలేదు. మూడోదే బాగాలేదు. పైన ప్రకటన ఆలస్యంగా వచ్చి కింద ఉన్నదంతా నెట్టేయడంతో, శీర్షికను తాకబోయిన వేలు ప్రకటన మీద పడటం మా ముందే మూడుసార్లు జరిగింది. ప్రకటనకు కావలసిన ఎత్తును ముందే ఖాళీగా కేటాయించమన్నాం.

నిన్నటి వార్తను వెతకడంలో పాఠకులు ఓడిపోవడానికి రూపంతో సంబంధం లేదు. "వంతెన" అని కొడితే "వంతెనపై", "వంతెనకు", "వంతెనల" ఉన్న వార్తలు రావడం లేదు. విభక్తులను విడదీయని సెర్చ్ తెలుగులో సగం పనే చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసిన ఇద్దరికి ఖాళీ పేజీ ఎదురైంది. ఇది మా ఒప్పందం పరిధిలో లేకపోయినా నివేదికలో చేర్చాం.

మార్కులు

చివర ఇచ్చిన ప్రశ్నపత్రం 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్). పది వాక్యాలు, వందకు లెక్క, 68 ప్రాంతాన్ని సగటుగా చూస్తారు. పనుల్లో తడబడిన పదిమందిలో ఎనిమిది మంది సైటుకు 68కి పైనే ఇచ్చారు. వంతెన వార్తను తలకిందులుగా అర్థం చేసుకున్న పాఠకురాలు కూడా అందులో ఉన్నారు. తప్పు అర్థమైందని ఆమెకు తెలియదు కాబట్టి ఆమె దృష్టిలో పని సాఫీగానే జరిగింది. పదిమంది మార్కుల సగటును యాజమాన్యానికి పెద్ద అక్షరాల్లో చూపించడానికి నేను ఒప్పుకోలేదు. ప్రతి పాఠకుడి మార్కు పక్కన అతను సరిగ్గా చేసిన పనుల సంఖ్య పెట్టి పట్టికగా ఇచ్చాం. సమావేశంలో ఆ పట్టిక మీద జరిగినంత చర్చ మిగతా నివేదిక మీద జరగలేదు.

మార్పుల్లో చాలా వాటిని ఒప్పుకున్నారు. కార్డుల ఎత్తు సమానంగా ఉండాలన్న పట్టు వదిలి మూడు పంక్తుల వరకు అనుమతించారు. తప్పనిసరిగా కత్తిరించవలసి వస్తే మాట చివర మాత్రమే కత్తిరించేలా కోడ్ మార్చారు. కంప్యూటర్‌లో అక్షరాలకు గుర్తులు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 2023లో వచ్చిన 15.1 వెర్షన్ తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కించే నియమం చేర్చింది కాబట్టి అక్షరాల లెక్క ఇప్పుడు కంటికి కనిపించేదానికి దగ్గరగా వస్తుంది. డబ్బు కార్డులకు వేరే నేపథ్యం, చదవగలిగేంత పెద్ద ముద్ర వచ్చాయి. తెర అడుగున అతుక్కుని ఉండే వీడియోను తీసేయడానికి మాత్రం ఒప్పుకోలేదు, అది ఇప్పటికీ ఉంది.

అన్నింటికంటే ముఖ్యమైన మార్పు డెస్కులో జరిగింది. హోమ్ పేజీ కార్డుకు వేరే శీర్షిక రాసే గడి ఒకటి పెట్టి, దాని పక్కనే ఫోన్ వెడల్పులో ఆ కార్డు ఎలా కనిపిస్తుందో అప్పటికప్పుడు చూపించే ఏర్పాటు చేశారు. కొత్త పాఠకులతో రెండోసారి పరీక్షించినప్పుడు అర్థం తిరగబడిన సందర్భం ఒక్కటీ ఎదురుకాలేదు. కానీ కార్డులు ఎత్తు పెరగడంతో మొదటి తెరలో నాలుగు వార్తలకు బదులు మూడే కనిపిస్తున్నాయి. రాత్రి షిఫ్టులో పని ఒత్తిడి ఉన్నప్పుడు సబ్ఎడిటర్లు పెద్ద శీర్షికనే ఆ గడిలో అతికించేస్తున్నారు.

చివరిసారి వెళ్లినప్పుడు ఒక సబ్ఎడిటర్ వెనక నిలబడి చూశాను. వంతెన గురించి ప్రభుత్వం నుంచి మళ్లీ ప్రకటన వచ్చింది. ఆయన మొదట "వంతెన ఒప్పందం రద్దు చేయం: ప్రభుత్వం" అని కొట్టారు. పొట్టిగా ఉంది, రెండు పంక్తుల్లో ఒదిగింది. పక్క సీటులోని సీనియర్ తల తిప్పి చూసి, "వాళ్లు 'చేయం' అనలేదండీ, ఇప్పటికి ఆలోచన లేదన్నారు" అన్నారు. ఆయన చెరిపేసి "వంతెన ఒప్పందం రద్దు యోచన ఇప్పటికి లేదు: ప్రభుత్వం" అని మార్చారు. పక్కనున్న చిన్న కార్డులో మూడో పంక్తి వచ్చింది. "లేదు" అన్న మాట పూర్తిగా, కొమ్ముతో సహా, కనిపిస్తోందో లేదో ఒకసారి చూసుకుని పంపించేశారు.